ఆడ చీమ

పోయిన వారం షోళింగనల్లూరులో మా ఆఫీసు వదిలే వేళకి వాన పడి వెలిసింది. ఎండాకాలం మొదట్లో వచ్చే ఆ ఒక్క వాన, ఎవరూ గొడుగు తెచ్చుకోని రోజు చూసుకునే పడుతుంది. క్యాబుల కోసం పది పదిహేను మందిమి గుమ్మం దగ్గర నిలబడ్డాం. అద్దాల తలుపు మీదా, పైనున్న దీపం చుట్టూ రెక్కల పురుగులు ముసురుకున్నాయి. ఒకమ్మాయి చున్నీ తలమీదికి లాక్కుంది. "ఈసల్, ఈసల్" అన్నారెవరో తమిళంలో. ఊడ్చే మనిషి పొడుగు చీపురు తెచ్చి వాటిని మెట్ల కిందికి తోయడం మొదలుపెట్టాడు.

నేను వంగి చూశాను. అవి ఈసళ్ళు కావు, అంటే మన ఉసిళ్ళు కావు. ఉసిళ్ళకి నడుము కనపడదు. వీటికి సన్నటి నడుము ఉంది. రెక్కలొచ్చిన చీమలు. వాటిల్లో ఒకటి, తక్కినవాటికి రెండింతలు ఉన్నది, గోడ వారకి నడిచి, కాళ్ళతో తన రెక్కల్ని తానే తోసి ఊడదీసుకుంది. ఒక్క నిమిషం వాటి పక్కనే నిలబడింది. తర్వాత వాటి వైపు చూడకుండా రాళ్ళ సందులోకి దారి వెతుక్కుంటూ పోయింది.

నా క్యాబు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు. ఆ చీమ చేసిన పని నేను మొదటిసారి చూసింది పదకొండేళ్ళ వయసులో. ఆ ఏడాది నేను చేసిన పని ఒకటి ఉంది. దాన్ని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మా ఇల్లు పురసవాక్కంలో, బట్టల కొట్లూ నగల కొట్లూ ఉన్న పెద్ద వీధి వెనకాల ఒక సందులో ఉండేది. అది మా అమ్మ పుట్టిల్లు. నాన్నకి ఎన్నూరులో షిఫ్టు ఉద్యోగం కావడంతో మేమూ అక్కడే ఉండేవాళ్ళం. మా తాత ఇంటి ముందు గదిలో హోమియోపతి మందులిచ్చేవాడు. పొద్దున తొమ్మిదింటికల్లా అరుగు మీద జలుబులూ దగ్గులూ వరుసగా కూర్చునేవి. ఆ గదిలో స్పిరిటు వాసన, పాత కాగితాల వాసన, వాటి మీద తాత నశ్యం వాసన. ఇప్పటికీ ఎక్కడైనా స్పిరిటు వాసన తగిలితే నాకు ముందు ఒక తెల్ల మీసం కనపడుతుంది.

ఆయన బల్లకి నాలుగు కాళ్ళ కిందా నాలుగు ఎనామిలు గిన్నెలు, వాటి నిండా నీళ్ళు. చీమలెక్కకుండా. మందులన్నీ చక్కెర గుళికలే కదా. పొద్దున లేవగానే దేవుడికి దణ్ణం పెట్టకముందే ఆయన ఆ నాలుగు గిన్నెల్లో నీళ్ళు తగ్గాయేమో చూసుకునేవాడు. అదే సమయానికి బయట అవ్వ వాకిలి కడిగి బియ్యప్పిండితో ముగ్గేసేది. ముగ్గు అయ్యాక మెట్టు మూలన గుప్పెడు నూకలు కూడా చల్లేది, చీమలకని.

"నువ్వు పిలిచి కూడు పెడతావు. తినేసి అవి నేరుగా నా బల్లకొస్తాయి," అనేవాడు తాత.

"మీ బల్ల మీద ఉండేది చక్కెరేగా. చక్కెరుంటే చీమ రాక ఏనుగొస్తాదా?" అనేది అవ్వ.

ఈ మాటలు రోజూ ఉండేవి. ఒకరోజు లేకపోతే ఇద్దరిలో ఒకరికి ఒంట్లో బాగాలేదని అర్థం.

సెలవుల్లో నాకొక ఉద్యోగం ఉండేది. వాడేసిన మందు సీసాలు వేడినీళ్ళలో కడిగి, తెల్ల గుడ్డ మీద తలకిందులుగా ఆరబెట్టడం. ఆ ఇంట్లో తాత వస్తువులు ముట్టుకునే హక్కు నాకొక్కడికే ఉండేది. దానికి నేను తీసుకునే జీతం, మందు వెయ్యని గుళికలుండే పెద్ద జాడీలోంచి ఆయన చూడనప్పుడు ఒక గుప్పెడు. నాలుక మీద వేస్తే నురగలా కరిగిపోయేవి. "ఈ ఇంట్లో ఒక దొంగుండాడు, వాడికి మాత్రం జన్మలో జలుబు రాదు," అనేవాడు తాత, జాడీ వైపు చూస్తూ.

ఆ ఏడు పరీక్షలు అయిపోయిన వారానికి మా చిన్నమ్మ కూతురు వచ్చింది. చిన్నమ్మని గుడివాడ దగ్గర ఇచ్చారు. పిల్ల నాకంటే రెండేళ్ళు చిన్న. ఒక రేకు పెట్టె, ఒక డబ్బాడు కజ్జికాయలు తెచ్చుకుంది. రాగానే మా అమ్మని, "పెద్దమ్మా, కాళ్ళు ఎక్కడ కడుక్కోవాలండి?" అని అడిగింది. నేను పడీపడీ నవ్వాను. మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ అండి అనరు. మాకు ఇక్కడ అంటే ఈడ, అక్కడ అంటే ఆడ, మధ్యమధ్యలో సగం తమిళం. ఆ పిల్ల ఒక్కో మాటా రేడియోలో చెప్పినట్టు చెప్పేది.

ఎందుకు వచ్చిందో పెద్దవాళ్ళు మాకు చెప్పలేదు. కానీ మా ఇంట్లో తలుపులు సరిగ్గా మూసుకునేవి కావు.

"రెండు పోయినాయి. ఇదన్నా నిలవాల," అంది అవ్వ వంటింట్లో, గొంతు తగ్గించి.

"డాక్టరమ్మ మంచం దిగొద్దనింది. స్నానం కూడా మంచం మీదనే," అంది అమ్మ.

తలుపు ఇవతల నేనున్నాను, నా వెనక ఆ పిల్ల ఉంది. చేతిలో కజ్జికాయ ఉంది కానీ నమలడం ఆపేసింది.

అవి ఎండలు ముదురుతున్న రోజులు. మా ఇంటి పక్కన ఒక ఖాళీ గ్రౌండు ఉండేది. నేలంతా పగిలి, నెర్రెల్లో మా గోలీలు పడిపోతే మళ్ళీ దొరికేవి కావు. ఒకరోజు సాయంత్రం నాలుగింటికి ఉన్నట్టుండి మబ్బు పట్టి, అరగంట వాన దంచింది. మిద్దె మీద ఆరేసిన సగ్గుబియ్యం వడియాలు సగం కిందికి తెచ్చాం, సగం గంజి అయిపోయాయి. వాన ఆగగానే ఎండ మళ్ళీ కాసింది. తడిసిన మట్టి వాసన, పక్కవీధిలో ఎవరో వేయించే ఎండుమిరపకాయల ఘాటు కలిసి వచ్చాయి.

అప్పుడు ఆ నెర్రెల్లోంచి రెక్కల చీమలు బయటికొచ్చాయి. ఒకటీ రెండూ కాదు, నేల పొగ చిమ్మినట్టు. వీధి పిల్లలందరం ఉసిళ్ళే అనుకుని చేతుల్తో పట్టుకున్నాం. నేను తాత సీసాల్లో పెద్దది తీసుకుని దాని నిండా కుక్కి బిరడా పెట్టేశాను. పొద్దునకి చూస్తే అన్నీ చచ్చి, సీసాలో నల్లటి ముద్ద ఉంది. దాన్ని గోడ మీదినుంచి విసిరేసి ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండడం నాకు చిన్నప్పటినుంచే బాగా వచ్చు.

ఆ పొద్దున అవ్వ మళ్ళీ పిండి కాచి, మిద్దె మీద పాత పంచె పరిచి వడియాలు పెట్టసాగింది. మేమిద్దరం కాకుల కాపలా. అవ్వ ఒక చేత్తో వడియం వేస్తూ ఇంకో చేత్తో పంచె అంచు చూపించి, "ఆడ చీమ ఉండాది చూడు. వడియాలకెక్కుతాది," అంది.

పిల్ల ఆశ్చర్యపోయి అడిగింది. "ఆడ చీమని నీకెలా తెలిసింది అమ్మమ్మా?"

అవ్వకి ముందు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అవ్వ చెప్పింది అక్కడ చీమ ఉందని. ఆ పిల్లకి వినపడింది ఆడదని. నేను వడియాల మీద పడేంతగా నవ్వాను. కిందికి పరిగెత్తి అమ్మకి చెప్పాను, అరుగు మీద జలుబులకి చెప్పాను, గ్రౌండులో పిల్లలకి తమిళంలోకి మార్చి మరీ చెప్పాను. సాయంత్రానికల్లా వీధిలో ఆమె పేరు 'పెణ్ ఎరుంబు', ఆడ చీమ. ఆమె గోడ పక్కన నడిచినా సరే ఎవడో ఒకడు అరిచేవాడు. ఆమె ఏడవలేదు. ఏడ్చుంటే నేను ఆపేవాణ్ణేమో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అది కూడా నాకు నేను చెప్పుకున్న మాటే.

నేను నవ్వుతూ పరిగెత్తినప్పుడు ఆమె మాత్రం ఆ చీమని వదిలిపెట్టలేదు. దోసిట్లో పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగి తాత ముందు పెట్టింది. తాత కళ్ళజోడు పైకి తోసి భూతద్దంలో చాలాసేపు చూశాడు.

"దీన్ని మామూలుగా ఏమంటాము?" అని నన్నడిగాడు.

"గండు చీమ," అన్నాను. పెద్ద నల్ల చీమలన్నిటినీ మేం అలాగే అనేవాళ్ళం.

"గండు కాదురా. పిల్ల చెప్పిందే నిజం. ఇది ఆడదే. ఈడ చూడు, రెక్కలు ఊడిన గుర్తులు. రాణి. పుట్ట పెట్టబోతా ఉండాది." తర్వాత ఆ పిల్ల వైపు తిరిగి, "నువ్వు నా శత్రువుల రాణిని పట్టినావమ్మా," అన్నాడు.

ఆయన నన్నెప్పుడూ అలా చూడలేదు. నేను కడిగిన సీసాల్లోంచే ఒక పెద్దది తీశాడు. అడుగున తడి దూది పెట్టి, రాణిని వదిలి, బిరడాకి సన్నటి బెజ్జం చేసి మూశాడు. ఎదురు సందులో ఫోటో స్టూడియోవాళ్ళు పారేసే నల్ల కాగితం తెప్పించి చుట్టి, మందుల మీద వాటి పొటెన్సీ రాసినట్టే ఆ చుట్టు మీద '30' అని చీటీ అంటించాడు. నేను ఆ మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా గ్రౌండంతా వెతికాను. రెండు గంటలు ఎండలో. చివరికి ఒక ఇటుక కింద నా రాణి దొరికింది. దానికి తాత '200' అని రాశాడు. మందుల్లో ముప్పై కంటే రెండొందలు పెద్దది కాబట్టి నాకు కొంచెం ఊరట కలిగింది.

తాత షరతులు రెండే. తెరవకూడదు. తిండి పెట్టకూడదు. ఆదివారం ఒక్కరోజు ఆయన ముందు కాగితం విప్పి బయటినుంచి చూడొచ్చు.

"తిండి లేకుండా ఎట్లా బతుకుతాది?" అని అడిగాను.

"ఎగిరినప్పటి బలం ఒళ్ళో ఉంటాది. రెక్కలు తీసేసినాక ఆ కండ దానికెందుకు? దాన్నే కరిగించుకొని తానూ బతుకుతాది, పిల్లలకీ పెడతాది. మొదటి పిల్లలు బయటికొచ్చేదాకా నీళ్ళు తప్ప ఏమీ వద్దు," అన్నాడు తాత. ఆయన చీమలతో యుద్ధం చేస్తూ వాటి గురించి అంత తెలుసుకున్నాడు.

అవ్వ చిక్కుడుకాయలు తుంచుతూ ఆ మాట విని, ఏమీ అనుకోకుండా అంది. "పాపం, మీ అమ్మ మాదిరే. తలుపేసుకొని కదలకుండా కూర్చోవాల, పిల్ల చేతికొచ్చేదాకా."

ఆ పిల్ల తలెత్తింది. మూడో రోజో నాలుగో రోజో మిద్దె మీద కాకుల్ని తోలుతూ నాతో చెప్పింది.

"అన్నయ్యా, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి. నేను మొక్కుకున్నాను. నా చీమకి పిల్లలు పుడితే మా అమ్మకీ పుడుతుంది. దీనికేమన్నా అయితే..." అని ఆగి, "కానీ ఏం కాదులే. నేను తెరవను," అంది.

ఒట్టు వేశాను. నాకు తెలియక చేశానని అనుకోవడానికి ఆ తర్వాత వీల్లేకుండా పోయింది. అందుకే ఆ ఒట్టు సంగతి ముందే రాస్తున్నాను.

ఆమె సీసాలో పదో రోజుకి తెల్లటి గుడ్లు కనపడ్డాయి, ఆవగింజకంటే సన్నవి. నా చీమ కూడా నాలుగు పెట్టింది. కానీ నేను రోజుకి నాలుగుసార్లు కాగితం విప్పేవాణ్ణి. వీధి పిల్లలకి చూపించడానికి బిరడా తీసేవాణ్ణి. అది అదిరిపోయి తన గుడ్లు తానే తినేసింది. నీరసంగా ఉందనుకుని జాడీలోంచి రెండు గుళికలు తెచ్చి వేశాను. అవి తడి దూది మీద కరిగి బూజు పట్టాయి. ఒక ఆదివారం పేషంట్లు ఎక్కువగా ఉండడంతో తాత ఆమె సీసా ఒక్కటే చూశాడు. "పురుగులు గూళ్ళు కడతా ఉండాయి. బియ్యపు గింజలంత అయినాయి. నీకు ఓర్పుండాదమ్మా," అన్నాడు. నా సీసా అడిగితే, నిద్రపోతోంది తాతా, వచ్చే వారం చూద్దువు అన్నాను. ఆయన నవ్వి వదిలేశాడు.

గురువారం నా చీమ కాళ్ళు ముడుచుకుని పక్కకి పడి ఉంది.

నేను వీధిలో అందరికీ నా రాణికి పది పిల్లలని చెప్పి ఉన్నాను. ఆదివారం తాత విప్పుతాడు, గుళికల బూజు చూస్తాడు. అన్నిటికంటే ఎక్కువగా, ఆ రేడియో మాటల పిల్ల ముందు నేను ఓడిపోతాను. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా పడుకుంది. ముందు గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. తాత పడక కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. సీసాలు రెండూ బీరువా కింది అరలో పక్కపక్కన ఉన్నాయి. ఆమె సీసాని నేను కదపలేదు. రెండింటి చుట్టూ ఉన్న నల్ల కాగితాలు తీసి, దీనిది దానికీ దానిది దీనికీ చుట్టాను. అంతే పని. ముప్పై రెండొందలైంది, రెండొందలు ముప్పై అయింది. ఒక అరటిపండు తినేంతసేపు కూడా పట్టలేదు.

ఆదివారం తాత ముప్పై చుట్టు విప్పాడు. చచ్చిన చీమ ఉంది, బూజు ఉంది, గూళ్ళు మాత్రం ఒక్కటీ లేవు.

ఆయన బిరడా తీసి వాసన చూశాడు. "దీనికేమన్నా తిండి పెట్టినావామ్మా?"

"లేదు తాతయ్యా." ఆమె పెదాలు తెల్లబడ్డాయి. "ఒక్కసారి తెరిచాను. సోమవారం. గూళ్ళు దగ్గరగా చూడాలని. ఒక్కసారే. వెంటనే మూసేశాను."

నిజానికి ఆ ఒక్కసారి తెరిచినందుకు దానికి ఏమీ కాలేదు. అది పక్క సీసాలో నిక్షేపంగా ఉంది. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. తర్వాత తాత రెండొందల చుట్టు విప్పాడు. బియ్యపు గింజలంత గూళ్ళ మీద రాణి నిలబడి ఉంది. ఆయన నా వైపు చూశాడు. కోపంగా కాదు. సీసాలో మందు ఒక చుక్క ఎక్కువ పడిందేమో చూసినట్టు చూశాడు.

"నీది బాగా పెరిగిందే," అన్నాడు. ఇంకేమన్నా చెప్తానేమో అని ఆగాడు. నేను చెప్పలేదు.

"నీ తప్పేమీ లేదమ్మా, చీమలు పోతానే ఉంటాయి," అని ఆ పిల్ల తల నిమిరాడు. ఆయనకి మొక్కు సంగతి తెలియదు. తెలిసుంటే నన్ను అంత తేలిగ్గా వదిలేవాడు కాదు.

ఆ మధ్యాహ్నం నుంచి ఆమె వెనక గదిలో చాప మీద పడుకుంది. జ్వరమా అంటే కాదు. ఆడుకోవా అంటే తల అడ్డంగా తిప్పేది. వెల్లకిలా, చేతులు పొట్ట మీద పెట్టుకుని, కప్పు వైపు చూస్తూ. రెండో రోజు నేను వెళ్ళి తలుపు దగ్గర నిలబడితే చెప్పింది.

"చీమ చేయలేకపోయింది కదా. అందుకని అమ్మకి బదులు నేను కూడా కదలకుండా ఉంటాను. నువ్వు ఒట్టేశావు, చెప్పకు."

అన్నం రెండు ముద్దలు తినేది. అవ్వ దిష్టి తీసింది. తాత మూడు రకాల గుళికలు మార్చాడు. అమ్మ ముంజలు తెప్పించి తొక్క తీసి ఇచ్చింది. నా వాటా ముంజలు కూడా నేను ఆమెకే ఇచ్చాను, నా వాటా మామిడిపండు ఇచ్చాను, నా గోలీల డబ్బా మొత్తం ఇచ్చాను. ఇవ్వాల్సింది ఒక మాట. అది తప్ప అన్నీ ఇచ్చాను. ఒకరోజు ఆమే అడిగింది, "అన్నయ్యా, నీ చీమ ఒకసారి చూపిస్తావా?" అని. తెచ్చి చూపించాను. తన చీమని తానే, నాదనుకుని, ముక్కు సీసాకి ఆనించి చూసింది. "నీది మంచిది," అంది.

ఆ రోజుల్లో నేను ఆడుకోవడానికి పోలేదు. ఆ గది తలుపు దగ్గర నిలబడేవాణ్ణి. నోటిదాకా వచ్చేది. అప్పుడు వీధిలో ఎవరో పిలిచేవారు, లేదా వంటింట్లో గిన్నె పడేది, ఆ సాకు చాలేది.

పదకొండు రోజులు. పన్నెండో రోజు పొద్దున ఎదురు కొట్టతను వీధికి అడ్డంగా నిలబడి, "గుడివాడ నుంచి ఫోన్ వచ్చిందమ్మా, బిడ్డ పుట్టినాడంట, ఇద్దరూ బాగుండారంట," అని కేకేశాడు. ముగ్గేస్తున్న అవ్వ పిండి చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. ఆ పిల్ల చాప మీదినుంచి లేచి, పరిగెత్తడం మర్చిపోయినదానిలా గోడ పట్టుకుని నడిచి వచ్చింది. అరుగు మీద కూర్చుని ఆరు ఇడ్లీలు తింది. ఏడోది కాకికి వేసింది.

ఆ వారంలోనే నా సీసాలో మొదటి పిల్లలు బయటికొచ్చాయి. గాజులాంటి కాళ్ళతో ఐదు చిన్న చీమలు. వీధంతా వచ్చి చూసింది. తాత చెప్పినట్టు వాటిని మెట్టు మూలన, అవ్వ నూకలు వేసే చోట ఒక సందులో వదిలాం. బడులు తెరిచే ముందు ఆ పిల్ల తమ్ముణ్ణి చూసుకోవడానికి గుడివాడ వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు మా అమ్మకి, "పోయొస్తానండి," అంది. నేను నవ్వలేదు.

నా ఇబ్బంది అక్కడితో ఆగలేదు. ఆ సందులోంచి మరుసటి ఏడు బారులు బారులుగా చీమలు వచ్చాయి. అవ్వకి అవంటే గొప్ప మురిపెం. "నా మనవడి చీమలు" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేది. రోజూ పొద్దున నేను బడికి బయల్దేరేటప్పుడు చేతిలో నూకలు పోసేది. "నీ చీమలకి నువ్వే వెయ్యరా."

"ఎవరి చీమలో వాటికి తెలుసులే," అనేవాడు తాత, పేపరు దించకుండా.

ఆయన నన్ను బల్ల దగ్గరికి రానిచ్చాడు, కథలు చెప్పాడు, జాడీలోంచి తనే గుళికలు తీసి పెట్టాడు. సీసాలు కడగమని మాత్రం మళ్ళీ ఎప్పుడూ అనలేదు. నేను అడగనూ లేదు. నేను కాలేజీలో ఉండగా ఆయన పోయాడు, తర్వాత అవ్వ. ఇంటి స్థలంలో ఇప్పుడు నాలుగంతస్తుల బట్టల కొట్టు ఉంది. మెట్లు గ్రానైటువి. చీమలు చొరబడే సందు లేదు.

ఆ పిల్ల తర్వాత పెళ్ళయి మా ఊరికే వచ్చింది. పెరంబూరులో ఉంటుంది. ఇన్నేళ్ళలో ఒక తమాషా జరిగింది. ఆఫీసుల్లో తిరిగి తిరిగి నేను ఇక్కడ, అక్కడ అనడం నేర్చుకున్నాను. ఆమె అచ్చం మా అవ్వలా మాట్లాడుతుంది. ఆ వాన పడిన సాయంత్రం ఇంటికి రాగానే ఆమెకి ఫోన్ చేశాను.

"ఏంది అన్నా, వారం మధ్యలో? ఒళ్ళు బాగుండాదా?"

"బాగానే ఉంది. నీకొక సంగతి చెప్పాలి. చీమల సంగతి."

"ఏ చీమలు?"

"ఆడ చీమ."

"అయ్యో, ఇంకా దాన్నే పట్టుకొని ఉండావా," అని నవ్వింది.

చెప్పాను. గుళికలు, బూజు, నల్ల కాగితాలు, శుక్రవారం మధ్యాహ్నం, అంతా. అటువైపు కుక్కరు ఒక కూత వేసింది. ఇంకోటి వేసింది. ఆమె పొయ్యి ఆపిన చప్పుడు వినపడింది.

"అంటే గూళ్ళు కట్టింది నాదేనా?"

"నీదే."

"పిల్లలు పుట్టింది నాదానికే."

"అవును."

"అయితే నా మొక్కు నిలిచింది," అంది, పెద్దగా నవ్వుతూ. "ఉండు, ఇది తమ్ముడికి చెప్పాల. నువ్వు పుట్టింది ఒక చీమ పుణ్యంరా అని. వాడికి మీసాలొచ్చి ఎన్నేళ్ళో అయింది, ఇప్పుడు తెలిసింది."

నేనూ నవ్వాను. ఇన్నేళ్ళ బరువు ఇంత సులువుగా దిగిందా అని తేలికపడ్డాను. అలా తేలికపడడం కూడా నా పాత గుణమే. అప్పుడు ఆమె గొంతు కొంచెం మారింది.

"అన్నా, ఆ పదకొండు రోజులూ నువ్వు ఆడ తలుపు దగ్గర నిలబడేవాడివి. గుర్తుండాదా?"

"ఉంది."

"నాకోసరం నిలబడినావనుకున్నా. మా అమ్మ లేనప్పుడు ఆ ఇంట్లో నన్ను కనిపెట్టుకొని ఉండింది అన్న ఒక్కడే అని నా పిల్లలకి కూడా చెప్పి ఉండా."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"సరే," అంది. "పిల్లలకి నేను ఇంక మార్చి చెప్పను. అట్లే ఉండనీ. ఆదివారం వదినని పిల్చుకొని రా. వడియాలు పెట్టినా."

మర్నాడు పొద్దున ఆఫీసుకి కొంచెం ముందుగా వెళ్ళాను. గుమ్మం దగ్గర రాత్రి రాలిన రెక్కలు గాలికి ఒక మూలకి చేరి ఉన్నాయి, ఉల్లిపొరలంత పల్చగా. రాళ్ళ సందులో పిడికెడు తడి మట్టి పైకి తోసి ఉంది. దాని పక్కన రాణి ఒకటి, అదే కావచ్చు ఇంకొకటి కావచ్చు, నోటితో మట్టి తెచ్చి పారేసి మళ్ళీ లోపలికి పోతోంది. ఊడ్చే మనిషి చీపురుతో అటే వస్తున్నాడు. ఈ ఒక్క మూల వదిలెయ్యమని తమిళంలో చెప్పాను. ఆయన నన్ను వింతగా చూసి వదిలేశాడు.

మా టీములో కొత్తగా హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడు ఒకడున్నాడు. చెవిలో ఫోను పెట్టుకుని సరిగ్గా ఆ సందు మీద కాలు వెయ్యబోయాడు.

"చూసి నడువు," అన్నాను. ఎన్నో ఏళ్ళుగా నా నోట రాని మాట దానంతటదే వచ్చింది. "ఆడ చీమ ఉండాది."

వాడు కాలు గాల్లోనే ఆపి, కిందికి చూసి, ఆశ్చర్యంగా అడిగాడు. "ఆడ చీమని ఎలా తెలిసింది సార్?"

నేను నవ్వలేదు. వాడి పక్కన వంగి, రెక్కలు ఊడిన గుర్తులు ఎక్కడుంటాయో చూపించాను.